కానన్‌గేట్‌లో ఫిరంగీ లేదు, ద్వారమూ లేదు: స్కాట్లాండ్ పాత పట్టణ మాటల గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎడిన్‌బరాలో చదువుకుంటూ, ఇక్కడి పాత ఊరి మీద మీ కాలేజీ తెలుగు పత్రికకు వ్యాసం రాస్తున్నారు. అందులో కానన్‌గేట్‌ను 'ఫిరంగి ద్వారం' అని, వెస్ట్ పోర్ట్‌ను 'పడమటి రేవు' అని, టోల్‌బూత్‌ను 'టోల్ ప్లాజా' అని, బెయిలీని 'జప్తు అమీనా' అని తెలుగు చేశారు. ఇవి సరిపోతాయా, స్కాట్లాండ్ వాళ్ల బర్గ్‌కూ ఇంగ్లండ్ వాళ్ల బరోకూ తేడా ఏమిటి, స్కాట్స్ అంటే స్పెల్లింగు మారిన ఇంగ్లీషేనా అని అడిగారు.

నాలుగింటిలో ఒక్కటీ సరిపోదండీ. అందుకు మీరు బాధపడాల్సిన పని లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఈ మాటల దగ్గర ఎక్కువగా పొరబడతారు, ఎందుకంటే ప్రతి మాటా తెలిసినట్టే కనిపిస్తుంది. నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఒక లాయర్ల ఆఫీసులో పాత ఇళ్ల దస్తావేజులు చదివే పని చేస్తున్నాను. చేరిన కొత్తలో ఒక కాగితంలో 'పోర్ట్‌కు తూర్పున ఉన్న స్థలం' అని ఉంటే లీత్ ఓడరేవు మ్యాపులన్నీ ముందేసుకుని రెండు రోజులు వెతికాను. ఆ స్థలం సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో, పాత ఊరి గోడ గుమ్మం పక్కన ఉంది. మా సీనియర్ ఒక్క మాట చెప్పారు: ఇంగ్లీషు డిక్షనరీ మూసెయ్, స్కాట్స్ డిక్షనరీ తెరువు. ఆ మాట నా పనినే మార్చేసింది.

అందుకే మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. స్కాట్స్, ఇంగ్లీషు ఒకే తల్లి బిడ్డలు. పాత ఇంగ్లీషులో ఉత్తరాది యాస ఇప్పటి ఎడిన్‌బరా చుట్టుపక్కల లోథియన్ దాకా వచ్చింది. అక్కడి నుంచి దాని దారి వేరైంది. స్కాండినేవియా వాళ్ల నార్స్ మాటలు, ఫ్రెంచి మాటలు, సముద్రం అవతలి డచ్చి వ్యాపారుల మాటలు దాంట్లో కలిశాయి. రాజసభలో, కోర్టులో, ఊరి కౌన్సిల్లో రాతకోతలు ఆ భాషలోనే జరిగాయి. ఆబర్డీన్ పట్టణ కౌన్సిల్ రికార్డులు 1398 నుంచి ఉన్నాయి. మొదట్లో లాటిన్ ఎక్కువ, తర్వాత క్రమంగా స్కాట్స్ పెరుగుతుంది. వాటిని చదివితే ఇది ఎవరి భాషకో తప్పుడు రూపమని ఎవరికీ అనిపించదు. కన్నడిగుడు తెలుగును తప్పు కన్నడమని అంటే మనకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక గేట్. స్కాట్స్‌లో గేట్ అంటే దారి, వీధి. నార్స్ భాషలో 'గాటా' అంటే వీధి, అందులోంచి వచ్చింది. కౌగేట్ అంటే ఆవులను తోలుకెళ్లే దారి. గ్లాస్గోలో గాలోగేట్ అంటే ఉరికంబం వైపు వెళ్లే దారి. కానన్‌గేట్‌లోని కానన్‌కు ఫిరంగితో సంబంధం లేదు. 1128లో మొదటి డేవిడ్ రాజు హోలీరూడ్ మఠం కట్టించాడు. అక్కడ ఉండే అగస్టీనియన్ సన్యాసులను కానన్లు అనేవారు. కొండ మీది ఊరి నుంచి ఆ మఠానికి వెళ్లే బాట కానన్‌గేట్ అయింది. మీ వ్యాసంలో 'మఠం బాట' అని రాయండి, చక్కగా సరిపోతుంది. ఇంగ్లండ్‌లోనూ నార్స్ వాళ్లు స్థిరపడిన చోట ఇదే పద్ధతి. యార్క్‌కి వెళ్తే స్టోన్‌గేట్, మికిల్‌గేట్ అన్నీ వీధులే. మరి గోడలోని గుమ్మాన్ని ఏమంటారు? అక్కడ బార్ అంటారు. మికిల్‌గేట్ బార్ అంటే 'పెద్ద వీధి గుమ్మం'. లీడ్స్‌లో బ్రిగ్గేట్ అంటే వంతెన వీధి.

స్కాట్లాండ్‌లో ఆ గుమ్మాన్ని పోర్ట్ అంటారు. లాటిన్ 'పోర్టా', ఫ్రెంచి 'పోర్ట్' అంటే తలుపు, గుమ్మం. వెస్ట్ పోర్ట్ అంటే పడమటి గుమ్మం. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత ఇంగ్లీషులో కూడా 'పోర్ట్' అనే మాట ఉండేది, అది లాటిన్‌లోని మరో మాట, రేవు అనే అర్థం ఉన్న 'పోర్టుస్' నుంచి వచ్చింది. కానీ ఆ కాలపు ఇంగ్లీషువాళ్లు దాన్ని సంత జరిగే ఊరు అనే అర్థంలో కూడా వాడారు, సముద్రం ఉన్నా లేకపోయినా. పదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌ను ఏలిన 'పెద్ద ఎడ్వర్డ్' (ఎడ్వర్డ్ ది ఎల్డర్) రాజు చట్టంలో, కొనుగోళ్లన్నీ పోర్ట్‌లోనే జరగాలి, పోర్ట్‌రీవ్ సాక్ష్యం ఉండాలి అని ఉంటుంది. రీవ్ అంటే రాజు తరఫు అధికారి. 1067లో విలియం రాజు లండన్‌కు ఇచ్చిన చిన్న అభయపత్రం కూడా బిషప్పుకీ, పోర్ట్‌రీవ్‌కీ, ఊరి పౌరులందరికీ నమస్కారం చెబుతూ మొదలవుతుంది. అప్పటికి అతను ఇంగ్లండ్‌ను గెలిచి ఏడాదైనా సరిగా కాలేదు. తను ఫ్రెంచి మాట్లాడేవాడైనా ఆ పత్రం పాత ఇంగ్లీషులోనే రాయించాడు. నాకు చాలా ఇష్టమైన కాగితం అది.

షైర్ అంటే జిల్లా. షైర్ రీవ్ కాస్తా నోట్లో నలిగి షెరీఫ్ అయింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో షెరీఫ్ అనే గౌరవ పదవి ఉండేదని మీరు వినే ఉంటారు. స్కాట్లాండ్‌లో మాత్రం షెరీఫ్ అంటే ఇవాళ్టికీ కోర్టులో కూర్చునే జడ్జి.

ఇప్పుడు బర్గ్ విషయం. రాసేది బర్గ్, పలికేది బరా. ఇంగ్లండ్ బరో, కాంటర్‌బరీ, ష్రూస్‌బరీల చివర వచ్చే బరీ, మిడిల్స్‌బ్రోలోని బ్రో, అన్నీ పాత ఇంగ్లీషులో 'బుర్హ్' అనే ఒకే మాట. దాని అసలు అర్థం గోడ కట్టిన కోట. వైకింగుల దాడులను ఎదుర్కోవడానికి ఆల్‌ఫ్రెడ్ రాజు దక్షిణ ఇంగ్లండ్ నిండా ఇలాంటివి ముప్ఫైకి పైగా ఏర్పాటు చేశాడు. అతని కొడుకు కాలం నాటి ఒక జాబితాలో ఏ కోటకు ఎంత భూమి కేటాయించారో ఉంటుంది. లెక్క సులువు: 'హైడ్' అనే ఒక్కో భూమి కొలతకు ఒక మనిషి, పదహారున్నర అడుగుల గోడకు నలుగురు మనుషులు. వించెస్టర్‌కు 2,400 హైడ్లు రాశారు. అంటే 2,400 మంది, 9,900 అడుగుల గోడ. అక్కడి పాత రోమన్ గోడను కొలిస్తే దాదాపు అంతే వస్తుంది. వెయ్యేళ్ల కిందటి గుమాస్తా లెక్క ఇవాళ టేపు పెట్టి సరిచూసుకోవచ్చన్నమాట.

టౌన్ అనే మాట ఇంకా చిన్న చోట పుట్టింది. 'టూన్' అంటే కంచె వేసిన ఆవరణ. జర్మన్‌లో దీని తోబుట్టువు ఇప్పటికీ కంచె అనే అర్థంలోనే ఉంది, డచ్చిలో తోట అనే అర్థంలో ఉంది. పుష్పవాటికలోని 'వాటిక', మన ఊళ్ల పేర్లలోని 'వాడ' కూడా ఆవరణ అనే అర్థం నుంచి వచ్చినవే కాబట్టి తెలుగువాళ్లకు ఇది వింతగా తోచకూడదు. స్కాట్స్‌లో 'టూన్' పాత అర్థాన్ని చాలాకాలం నిలుపుకుంది. ఫెర్మ్‌టూన్ అంటే నాలుగు రైతు కుటుంబాల పల్లె, కిర్క్‌టూన్ అంటే చర్చి చుట్టూ ఉన్న పల్లె. పాత కాగితాల్లో టూన్ అని కనబడగానే పట్టణం అని రాసేయకండి. ఒక్కోసారి అది పశువుల కొట్టం, రెండు గుడిసెలు ఉన్న చోటు.

మరి పట్టణాన్ని పట్టణం చేసేది ఏమిటి? స్కాట్లాండ్‌లో సమాధానం ఒక్కటే: రాజు ఇచ్చిన హక్కు. పన్నెండో శతాబ్దంలో మొదటి డేవిడ్ బెరిక్, రాక్స్‌బరా, ఎడిన్‌బరా, స్టెర్లింగ్ లాంటి చోట్లకు ఆ హక్కు ఇచ్చాడు. సంత పెట్టుకోవచ్చు, బయటి నుంచి సరుకు తెచ్చేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసుకోవచ్చు, తమ తగాదాలు తామే తీర్చుకోవచ్చు. ఈ నాలుగు ఊళ్ల పేరు మీదే పట్టణాల పాత చట్టం ఒకటి ఉంది. బెరిక్, రాక్స్‌బరా ఇంగ్లండ్ చేతికి చిక్కాక 1369లో వాటి స్థానంలో లానార్క్, లిన్‌లిత్‌గోలను చేర్చారు. రాజు నేరుగా హక్కు ఇస్తే రాయల్ బర్గ్, ఒక జమీందారు కింద ఏర్పడితే బర్గ్ ఆఫ్ బారనీ. విదేశీ వ్యాపారం 1672 దాకా రాయల్ బర్గ్‌ల గుత్తసొత్తు. కాబట్టి రెండొందల గడపలున్న చిన్న ఊరు బర్గ్ కావచ్చు, దానికంటే పెద్ద పల్లె కాకపోవచ్చు. ఇంగ్లండ్ బరో కూడా పత్రంతోనే బతికింది, కానీ అక్కడి బరోలు పార్లమెంటు సీట్ల గొడవల్లోనూ తర్వాతి పాలనా సంస్కరణల్లోనూ వేరే రూపం తీసుకున్నాయి. లండన్‌లో బరోలు ఇవాళ్టికీ ఉన్నాయి. స్కాట్లాండ్‌లో బర్గ్ కౌన్సిళ్లను 1975లో రద్దు చేశారు.

నా అనుభవంలో ఈ మాటలన్నీ గుర్తుండాలంటే ఒక్క ఉపాయం ఉంది. సుంకం కట్టే పైసా వెనకే నడవండి. పల్లె నుంచి ఒక రైతు గుర్రం మీద ఉన్ని మూట వేసుకుని ఎడిన్‌బరాకు వస్తున్నాడనుకుందాం.

దారిలో ఒక దళారి ఎదురొచ్చి, సంత దాకా ఎందుకు, నాకే అమ్మెయ్ అంటాడు. ఆ దళారి ఫోర్‌స్టాలర్. పాత ఇంగ్లీషులో ఆ మాటకు దారి కాయడం అని అర్థం. బర్గ్ చట్టంలో ఇది నేరం, ఎందుకంటే సరుకు సంతకు రాకపోతే సుంకం పోతుంది, ఊళ్లో ధర పెరుగుతుంది. రైతు ఒప్పుకోకుండా పోర్ట్ దగ్గరికి వస్తాడు. అక్కడ సుంకం అడుగుతారు. లోపల వీధి మధ్యన రాళ్లు పరిచిన భాగం కాజీ. నడి మధ్యన ఎత్తుగా, పొడిగా ఉండే చోటు 'కాజీ కిరీటం'. పెద్దమనుషులు అక్కడ నడుస్తారు, మిగతావాళ్లు మురికి పారే అంచులకు జరుగుతారు. కాజీ కిరీటం మీద నడవడం అంటే తలెత్తుకు తిరగడం అని ఒక జాతీయమే ఉంది.

తర్వాత ట్రాన్. అది ఊరి కాటా. పెద్ద దూలానికి కట్టిన త్రాసు మీద ఉన్ని తూచాలి, సొంత తూకం చెల్లదు. నేరస్థుల చెవిని ఆ కొయ్యకే మేకుతో కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఎడిన్‌బరాలో ట్రాన్ కిర్క్ అనే చర్చికీ, గ్లాస్గోలో ట్రాన్‌గేట్ వీధికీ ఈ కాటా పేరే. దాని తర్వాత మెర్కాట్ క్రాస్, అంటే సంత స్తంభం. బేరాలు దాని చుట్టూ జరిగేవి. రాజు ఆజ్ఞలు అక్కడే చదివేవారు, మన ఊళ్లలో దండోరా వేసినట్టు. ఇది మ్యూజియం ముచ్చట అనుకోకండి. 2022 సెప్టెంబరు 11న మూడో చార్లెస్ రాజయ్యాడని ఎడిన్‌బరా మెర్కాట్ క్రాస్ దగ్గర ప్రకటించారు. నేను ఆ రోజు జనంలో నిలబడి విన్నాను. పాత కాగితాల్లో వందలసార్లు చదివిన వాక్యం మనిషి గొంతులో వినబడేసరికి ఒళ్లు పులకరించింది.

వసూలైన సుంకం చేరే చోటు టోల్‌బూత్. మొదట్లో అది నిజంగా సుంకాలు తీసుకునే కొట్టు. డబ్బు ఉన్న చోట గట్టి గోడలు కావాలి. గట్టి గోడలు ఉన్నాయి కాబట్టి ఊరి పత్రాలు అక్కడే పెట్టారు, కౌన్సిల్ అక్కడే కూర్చుంది, కోర్టు అక్కడే జరిగింది, సుంకం ఎగ్గొట్టినవాడినీ అప్పు తీర్చనివాడినీ అక్కడే బంధించారు. కొన్ని తరాలకు స్కాట్లాండ్‌లో టోల్‌బూత్ అంటే జైలు అనే అర్థమే మిగిలింది. దీనికి మన దగ్గర చక్కని మాట ఉంది: చావడి. కరణం కూర్చున్నా చావడే, పన్ను కట్టినా చావడే, పంచాయితీ జరిగినా చావడే. 'సుంకాల చావడి' అని ఒకసారి రాసి, అది జైలుగా ఎలా మారిందో ఒక్క వాక్యంలో చెప్పండి. టోల్ ప్లాజా అంటే చదివేవాళ్లకు హైవే గుర్తొస్తుంది.

ఈ మాటలు కలిసి ఎలా పనిచేశాయో చూడాలంటే 1736 చూడాలి. సుంకం ఎగ్గొట్టి దొంగచాటుగా సరుకు తెచ్చే ఆండ్రూ విల్సన్ అనే వ్యాపారి సుంకం అధికారిని దోచుకున్నాడని ఉరిశిక్ష వేశారు. ఏప్రిల్ 14న గ్రాస్‌మార్కెట్‌లో ఉరి తీశారు. సుంకాల మీద కోపంగా ఉన్న జనం రాళ్లు వేశారు. టౌన్ గార్డ్, అంటే ఊరి సొంత కాపలా దళం, గుంపు మీద కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. దళం కెప్టెన్ జాన్ పోర్టియస్‌కు హత్యానేరం కింద మరణశిక్ష పడింది. లండన్ నుంచి కరోలిన్ రాణి శిక్ష ఆపమంది. సెప్టెంబరు 7 రాత్రి జనం కదిలారు. మొదట చేసిన పని ఏమిటో గమనించండి: పోర్ట్‌లు మూసేశారు. రాజు సైనికులు కానన్‌గేట్‌లో ఉన్నారు. అది గోడ బయట ఉన్న వేరే బర్గ్, 1856 దాకా ఎడిన్‌బరాలో కలవలేదు. నెదర్‌బో పోర్ట్ మూస్తే వాళ్లు లోపలికి రాలేరు. తర్వాత టౌన్ గార్డ్ ఆయుధాలు లాక్కున్నారు, టోల్‌బూత్ తలుపుకు నిప్పు పెట్టారు, పోర్టియస్‌ను బయటికి లాగి గ్రాస్‌మార్కెట్‌లో ఒక రంగులవాడి కొయ్యకు ఉరి తీశారు.

పార్లమెంటుకు వచ్చిన కోపం కూడా ఈ మాటల మీదే పడింది. టౌన్ గార్డ్‌ను రద్దు చేయాలి, నెదర్‌బో పోర్ట్ తలుపులు పీకేయాలి, ప్రొవోస్ట్‌ను, అంటే ఊరి కౌన్సిల్ పెద్దను, శిక్షించాలి అని బిల్లు తెచ్చారు. స్కాట్లాండ్ సభ్యులు గట్టిగా వ్యతిరేకించాక, ఊరు పోర్టియస్ భార్యకు 2,000 పౌండ్లు కట్టాలి, ప్రొవోస్ట్ అలెగ్జాండర్ విల్సన్ ఇకపై ఏ పదవీ చేపట్టకూడదు అనే దగ్గర ఆగింది. ఈ విల్సన్ వేరు, ఉరి తీసిన విల్సన్ వేరు, కలపకండి. గుమ్మం తలుపులు తీసేయడం ఎంత పెద్ద అవమానమో పోర్ట్‌ను రేవు అని చదివితే అర్థమే కాదు.

ఆ గోడ వల్లే సందులకు ఇన్ని పేర్లు వచ్చాయి. పట్టణంలో ఒక్కొక్కరికి ఇచ్చిన స్థలం వీధి వైపు సన్నగా, వెనక్కి చాలా పొడవుగా ఉండేది. జనం పెరిగారు, ఊరు గోడ దాటలేదు. పెరట్లో ఇళ్లు లేచాయి, వాటిలోకి వెళ్లే ఇరుకు దారులు మిగిలాయి. రెండు వైపులా దారి ఉండి అందరూ నడిచేది వైండ్. ఒకరి స్థలంలోకి వెళ్లేది, రాత్రి తలుపు వేసుకోగలిగేది క్లోజ్. ఫ్రెంచి నుంచి వచ్చిన వెనెల్ కూడా సందే. ఇంటి కింద నుంచి కమానులా వెళ్లేది పెండ్. మీకు ఇంకో ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది: ల్యాండ్. దస్తావేజులో ల్యాండ్ అని ఉంటే ఖాళీ నేల అనుకుంటాం. ఎడిన్‌బరాలో అది అంతస్తుల భవనం. లాన్‌మార్కెట్‌లో గ్లాడ్‌స్టోన్స్ ల్యాండ్ చూసే ఉంటారు, 1617లో థామస్ గ్లెడ్‌స్టేన్స్ అనే వ్యాపారి కొన్న భవనం అది.

ఇక మనుషులు. ఊళ్లో పూర్తి హక్కులు ఉన్నవాడు బర్జెస్. వ్యాపారం చేసుకోవచ్చు, ఊళ్లో సుంకం ఉండదు. బదులుగా పన్ను కట్టాలి, రాత్రి కాపలా కాయాలి. ఊళ్లో ఉన్న ప్రతివాడూ బర్జెస్ కాదు. పనివాళ్లు, సేవకులు, చాలామంది ఆడవాళ్లు ఆ లెక్కలోకి రారు. అందుకే బర్జెస్‌ను 'పౌరుడు' అని రాయడం నాకు నచ్చదు, 'పట్టణ హక్కుదారు' అనండి. అయితే పాత చట్టంలో గొప్ప నియమం ఒకటి ఉంది. ఎవరి కిందనో కట్టుబానిసగా ఉన్న మనిషి బర్గ్‌కు వచ్చి, స్థలం సంపాదించి, ఏడాదీ ఒక రోజూ ఎవరూ వెతుక్కుంటూ రాకుండా ఉండగలిగితే అతను స్వేచ్ఛాజీవి. కొత్తవాడు ఇల్లు కట్టుకునేదాకా పన్నుల నుంచి ఇచ్చే గడువును కిర్‌సెట్ అంటారు. ఈ చిన్న మాట దస్తావేజులో తగిలినప్పుడల్లా నేను ఆగుతాను. పల్లె వదిలి వచ్చిన ఎవరో ఒకరు ఆ గడువులో రాళ్లు మోసి గోడ లేపి ఉంటారు.

తర్వాతి కాలంలో ఊరికి వచ్చిన గొప్పవాళ్లకు గౌరవంగా కూడా బర్జెస్ పత్రం ఇచ్చేవారు. 1773లో ఆబర్డీన్ వాళ్లు డాక్టర్ శామ్యూల్ జాన్సన్‌కు ఇస్తే, ఆనవాయితీ ప్రకారం ఆయన దాన్ని టోపీకి పెట్టుకుని వీధిలో నడిచాడు.

కౌన్సిల్ పెద్ద ప్రొవోస్ట్. లాటిన్‌లో 'ముందు నిలబెట్టినవాడు' అనే మాట నుంచి వచ్చింది. మేయర్ అని తెలుగు పత్రికల్లో రాస్తుంటారు. పని దగ్గరగా ఉన్నా, ప్రొవోస్ట్ అని రాసి ఒకసారి వివరించడమే మేలు. ఎడిన్‌బరా, గ్లాస్గో, ఆబర్డీన్, డండీలలో లార్డ్ ప్రొవోస్ట్ అంటారు. అతని కింద పట్టణ న్యాయాధికారులు బెయిలీలు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఒకే మాట ఇంగ్లండ్‌లో బెయిలిఫ్ అయి జప్తు చేసే మనిషి దాకా దిగింది, స్కాట్లాండ్‌లో తీర్పు చెప్పే పెద్దమనిషిగా పైనే నిలిచింది. మీరు బెయిలీని జప్తు అమీనా అంటే జడ్జిని బంట్రోతు చేసినట్టు అవుతుంది.

డీన్ ఆఫ్ గిల్డ్ వ్యాపారుల సంఘం పెద్ద. తూకాలు, కొలతలతో మొదలై, ఇళ్ల తగాదాలు అతని కోర్టుకు చేరాయి. పక్కింటివాడు నా కిటికీకి అడ్డంగా గోడ లేపాడు, వాళ్ల చూరు నీళ్లు నా ఇంట్లో పడుతున్నాయి లాంటివి. ఆ కాగితాల్లో ఈ వ్యవహారానికి 'నిక్ట్‌బర్‌హైడ్' అనే మాట వాడారు. ఇంగ్లీషు నైబర్‌హుడ్ ఇదే మాట, కానీ ఇక్కడ ఇరుగుపొరుగు ఒకరికొకరు పాటించాల్సిన ధర్మం అని అర్థం. నా సర్వీసులో నాకు దొరికిన మాటల్లో దీన్ని మించినది లేదు. ఈ కోర్టు 1975 దాకా ఇంటి ప్లాన్లకు అనుమతులు ఇచ్చింది.

చేతివృత్తులవాళ్ల సంఘాల పెద్దను డీకన్ అంటారు. చర్చి డీకన్‌తో కలపకండి. కమ్మరులు, లోహం పని చేసేవాళ్లు హామర్‌మెన్, మాంసం కొట్టేవాళ్లు ఫ్లెషర్లు, చెప్పులు కుట్టేవాళ్లు కార్డినర్లు, రొట్టెలు చేసేవాళ్లు బాక్‌స్టర్లు, నేతవాళ్లు వెబ్‌స్టర్లు. బాక్‌స్టర్, వెబ్‌స్టర్ ఇప్పుడు ఇంటిపేర్లు. చివర ఉన్న 'స్టర్' పాత ఇంగ్లీషులో ఆడవాళ్ల పనిని సూచించే ప్రత్యయం. రొట్టె కాల్చడం, నేయడం ఒకప్పుడు ఎవరి చేతుల్లో ఉండేవో ఆ ఇంటిపేర్లు చెబుతున్నాయి. వ్యాపారులకూ వృత్తులవాళ్లకూ కౌన్సిల్లో సీట్ల కోసం తరాల తరబడి పోరు నడిచింది. ఎడిన్‌బరాలో 1583 నాటి ఒక రాజీ తీర్పుతో వృత్తులవాళ్లకు కౌన్సిల్లో గట్టి చోటు దొరికింది.

ఒక్క మాట మాత్రం చరిత్రలోకి జారిపోలేదు: కామన్ గుడ్. తెలుగులో 'ఊరుమ్మడి' అనండి, అంతకంటే మంచి మాట లేదు. బర్గ్‌కు చెందిన భూములు, మైదానాలు, భవనాలు, వాటి ఆదాయం ఊరి మేలుకే ఖర్చు కావాలని 1491లో స్కాట్లాండ్ పార్లమెంటు చట్టం చేసింది. బర్గ్‌లు పోయినా ఆ ఆస్తులు పోలేదు, కౌన్సిళ్ల చేతికి వచ్చాయి. ఏది ఊరుమ్మడి, ఏది కాదు అనే దాని మీద ఇప్పటికీ కేసులు నడుస్తాయి. 2015 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిలూ ఆ ఆస్తుల రిజిస్టరు పెట్టి జనానికి చూపించాలి. మీ వ్యాసంలో దీనికి ఒక పేరా ఇవ్వమని నా విన్నపం. చెరువు భూములు, బంజర్లు ఎలా మాయమవుతాయో చూసిన మన పాఠకులకు ఇది దగ్గరగా తగులుతుంది.

మనకూ ఈ మాటలకూ ఉన్న నిజమైన బంధం గురించి రెండు ముక్కలు. 1687 డిసెంబరులో ఇచ్చిన సనదుతో 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. ఒక మేయరు, 12 మంది ఆల్డర్‌మన్లు, 60 మంది బర్జెస్‌లు ఉండాలని ఆ ఏర్పాటు. ఆల్డర్‌మన్‌లో ఉన్నది పాత ఇంగ్లీషు 'ఎయాల్డోర్', అంటే పెద్ద. మన 'పెద్దమనిషి'కి అచ్చంగా సమానం. అలా ఇంగ్లండ్ బరో మాటలు చెన్నపట్నానికి వచ్చాయి. వార్డు మెంబరు అంటున్నామే, ఆ వార్డు పాత ఇంగ్లీషు 'వెయార్డ్', కాపలా కాయడం. ఊరిని కాపలా వంతుల కోసం ముక్కలు చేస్తే ఒక్కో ముక్క వార్డు అయింది. హైదరాబాద్ అపార్టుమెంటు సొసైటీల్లో గొడవలు పెట్టే బైలా కూడా ఈ కుటుంబమే. నార్స్‌లో 'బీ' అంటే ఊరు, బైలా అంటే ఊరి కట్టుబాటు. స్కాట్లాండ్ పల్లెల్లో ఇరుగుపొరుగు తగాదాలు తీర్చే పెద్దలను బర్లీమెన్ అనేవారు, అదీ ఇందులోంచే.

మీ వ్యాసంలో ఎడిన్‌బరా అంటే 'ఎడ్విన్ రాజు కోట' అని ఉంది, అది తీసేయండి. అంతకుముందు బ్రిటన్ పాత కెల్టిక్ భాషలో 'దిన్ ఏదిన్' అనేవారు, దిన్ అంటే కోట. తర్వాత వచ్చినవాళ్లు దిన్ స్థానంలో బుర్హ్ పెట్టారు. ఇంకోటి, 'స్కాట్ ఫ్రీ'ని స్కాట్లాండ్ వాళ్ల పిసినారితనానికి ముడిపెట్టారు. అక్కడి స్కాట్ నార్స్ మాట, పన్ను వాటా అని అర్థం. ఆ వాక్యం అచ్చయితే ఇక్కడివాళ్లు నొచ్చుకుంటారు.

స్కాట్స్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ప్రతి మాటకూ ఏ శతాబ్దంలో ఏ అర్థమో పాత వాక్యాలతో సహా ఇస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ అందులో చూశాకే తెలుగు చేయండి.

మీరుండేది కానన్‌గేట్‌లోనే అన్నారు కదా. అక్కడి టోల్‌బూత్ 1591 నాటిది, గడియారం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఇప్పుడది మ్యూజియం. ముందు అది చూసి, పైకి నడవండి. హై స్ట్రీట్ మొదలయ్యే కూడలిలో రోడ్డు మీద ఇత్తడి గుర్తులు బిగించి ఉంటాయి. 1764లో కూల్చేసిన నెదర్‌బో పోర్ట్ నిలబడిన చోటు అదే. పక్కనే 'వరల్డ్స్ ఎండ్' అనే పబ్ ఉంటుంది, ఊరు అక్కడితో అయిపోయేది కాబట్టి ఆ పేరు. ఇంకా పైకి వెళ్తే సెయింట్ జైల్స్ చర్చి పక్కన రాళ్లలో గుండె ఆకారం కనిపిస్తుంది, 1817లో పడగొట్టిన పాత టోల్‌బూత్ గుర్తు అది. దాని మీద ఎవరైనా ఉమ్మితే ఆశ్చర్యపోకండి, జైలు మీద పాత కోపం అలా ఆచారంగా మిగిలింది. ఫొటోలు తీసుకుంటే నెదర్‌బో ఇత్తడి గుర్తులది తప్పకుండా తీసి వ్యాసంలో పెట్టండి. సవరించిన ప్రతి ఇక్కడ పెడితే నేను చదివి చెబుతాను.